మతం వల్ల ప్రాణభయం అంటే మన కోర్టులు వినాలా?

బాలాపూర్ జిరాక్స్: మా షాపుకు మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా ముస్లింలు ఎక్కువగా వస్తారు. నిన్న ఒకాయన యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ) వాళ్ళిచ్చిన శరణార్థి కార్డు తెచ్చాడు. జేబులో నలిగి లామినేషన్ లేచిపోయింది, లోపలికి చెమట దిగి పుట్టిన తేదీ సగం చెరిగింది. వకీలు అడిగాడట, అయిదు కాపీలు కావాలన్నాడు. పక్కనే కూర్చున్న మా మామయ్య "వీళ్ళకు కోర్టు కూడానా" అనేశాడు. రాత్రి ఇంట్లో అదే గొడవ. మీరేమంటారు, వినాలా వద్దా?

కొత్తపేట శ్రీను: వద్దు. ఒకడిని వింటే వెనక వెయ్యిమంది వస్తారు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకమే పెట్టలేదు. అయినా భయం ఉందని ఎవడైనా అంటాడు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెంటు మా బావమరిదికి ఇచ్చిన సలహా వినండి: "అమెరికాలో వీసా అయిపోతే మతం మారానని కేసు వేసెయ్, అప్పీళ్ళతోనే ఏళ్ళు గడిచిపోతాయి."

నల్లకోటు: శ్రీను గారూ, సంతకం సంగతి నిజమే. అసలు ఇక్కడ అప్పీలు అనే మాటే కుదరదు. అమెరికాలో ఇమిగ్రేషన్ జడ్జి కాదంటే అప్పీళ్ళ బోర్డు, అక్కడా కాదంటే ఫెడరల్ కోర్టు. మనకు శరణు చట్టమే లేదు. విదేశీయుల మీద 2025లో వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ పద్ధతి పెట్టలేదు. మొదటి తీర్పే లేనప్పుడు దేనిమీద అప్పీలు? అందుకే హక్కు కాపాడమని నేరుగా హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో రిట్ వేస్తాం. 1996లో, ఇప్పటి బంగ్లాదేశ్ ప్రాంతం నుంచి వచ్చిన చక్మాల కేసులో సుప్రీంకోర్టు, ప్రాణరక్షణ హక్కు ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణం పౌరులు కానివాళ్ళకూ వర్తిస్తుందంది. 2021 ఏప్రిల్ 8న జమ్మూ రోహింగ్యాల కేసులో మాత్రం, పంపించకుండా ఆపమనే హక్కు పౌరులకు మాత్రమే ఉన్న 19వ అధికరణంతో ముడిపడిందని చెప్పి స్టే ఇవ్వలేదు. పద్ధతి ప్రకారం తప్ప పంపొద్దని కూడా అదే ఉత్తర్వులో ఉంది. రెండు వర్గాలూ దాన్నే పట్టుకుని వాదిస్తాయి.

డల్లాస్ పద్మ: శ్రీను గారూ, దొంగ కేసులు ఉన్నాయి, కాదనను. నేను ఫోన్‌లో తెలుగు దుబాసీగా పనిచేస్తాను. కేసుల వివరాలు చెప్పకూడదు గానీ ఒక్క మాట చెబుతా. ఒకాయన "మొన్న వచ్చి బెదిరించారు" అన్నారు. మనకు మొన్న అంటే పోయిన నెల కూడా కావచ్చు. అంతకుముందు ఎవరో దాన్ని సరిగ్గా "రెండు రోజుల క్రితం" అని చెప్పేశారు. కాయితంలో తేదీ వేరు, నోటి మాట వేరు అయి కూర్చుంది. అమెరికాలో 2005 చట్టం ప్రకారం అసలు విషయంతో సంబంధం లేని చిన్న తేడా దొరికినా జడ్జి నమ్మకపోవచ్చు. ఇలాంటివి సరిచేసుకోవడానికే అప్పీలు.

కొత్తపేట శ్రీను: ఆ మొన్న గొడవ అర్థమైంది, మా ఇంట్లోనూ ఉంది. కానీ నోరు మూసుకుని ఇంట్లో దండం పెట్టుకుంటే ఎవరు చంపుతారు?

డల్లాస్ పద్మ: ఇదే మాట జర్మనీ అధికారులు పాకిస్తాన్ అహ్మదీయులతో (ముస్లింలమని చెప్పుకున్నా ఆ దేశం ఒప్పుకోని వర్గం) అన్నారు. పాకిస్తాన్లో 1984 నుంచి అహ్మదీయులు తమను ముస్లింలమని చెప్పుకుంటే జైలు. దాచుకుని బతకమని వాళ్ళను అడగకూడదని 2012లో ఐరోపా యూనియన్ కోర్టు తేల్చింది.

బాలాపూర్ జిరాక్స్: మరి మన 2019 పౌరసత్వ చట్టం మతహింస నుంచి వచ్చినవాళ్ళ కోసమే అన్నారుగా?

నల్లకోటు: చట్టంలో ఆ ముక్క రాయలేదు. మూడు దేశాలు (పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్), ఆరు మతాలు, 2014 డిసెంబర్ 31 లోపు రావాలి. మయన్మార్ లేదు, అహ్మదీయులూ లేరు.

కొత్తపేట శ్రీను: మన దేశం నుంచి విడిపోయిన చోట మిగిలిపోయినవాళ్ళ బాధ్యత మనది. అందరిదీ కాదు.

నల్లకోటు: అఫ్గానిస్తాన్ ఎప్పుడు విడిపోయిందండీ?

బాలాపూర్ జిరాక్స్: ఇప్పుడే ఆయన మళ్ళీ వచ్చాడు. లామినేషన్ తీసి కొత్తది వేయమంటున్నాడు. వేస్తే కోర్టులో ఇబ్బందా సార్?

నల్లకోటు: తీయకండి, చెరిగిన తేదీ ఇంకా పోతుంది. ఉన్నదున్నట్టు కలర్ జిరాక్స్ తీసివ్వండి, ఫైల్లో అదే పెడతారు.