హాలు బీమ్ మధ్యలో వంగినట్టుంది, ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: మాది 1996లో కట్టిన ఇల్లు. హాలు బీమ్ గోడ నుంచి గోడకు 15 అడుగులు. రంగులు వేయిస్తుంటే మధ్యలో కిందికి జారినట్టు కనిపించింది, అడుగున రెండు సన్నటి పగుళ్లు. పైన వెయ్యి లీటర్ల ట్యాంకుంది. సిమెంటు పూసేస్తే సరిపోతుందని మేస్త్రి అంటున్నాడు. అమ్మానాన్న ఆ హాల్లోనే పడుకుంటారు, టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: దయచేసి పూత వేయించకండి. పగులు మూసేస్తే జబ్బు కనపడదు, అంతే. ముందు ట్యాంకు ఖాళీ చేయండి, అందులో నీళ్లే టన్ను బరువు.

బీమ్ అడుగున రెండు చివర్లా ఒకే మందం చెక్కముక్కలు పెట్టి, వాటి మీదుగా నైలాన్ దారం బిగించండి. మధ్యలో దారానికీ బీమ్‌కీ ఉన్న సందు చెక్క మందం కంటే ఎంత తక్కువుంటే వంపు అంత. కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 స్పాన్‌లో, అంటే గోడ నుంచి గోడకు ఉన్న దూరంలో, 250వ వంతు వరకు ఒప్పుకుంటుంది, మీకు సుమారు 18 మి.మీ. అయితే శ్లాబు పోసిన రోజే సెంట్రింగ్ (తడి కాంక్రీటును మోసే తాత్కాలిక ఆధారం) కుంగి ఆ వంపు వచ్చి ఉండొచ్చు. అందుకే అంకె కంటే పగుళ్లే ముఖ్యం. మధ్యలో నిలువుగా వెంట్రుకంత పగులుంటే పెద్దగా భయం లేదు. పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి, పగులు ఆ గీత దాటితే పెరుగుతున్నట్టే. గోడ దగ్గర పగులు ఏటవాలుగా ఉంటే మాత్రం ఆ గదిలో ఎవరూ ఉండకూడదు.

ప్రశ్న అడిగినవారు: వంపు 11 మి.మీ. వచ్చింది. కానీ ఒక పగులు బీమ్ పొడవునా ఉంది, తుప్పు మరక కూడా. తడితే గుల్ల శబ్దం.

జవాబు: అయితే అసలు సమస్య వంపు కాదు, తుప్పు. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతుంది, పెచ్చులూడేది అలాగే. నీళ్లు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయో వెతకండి. స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చువ్వ ఎంత మిగిలిందో కొలవాలి. బీమ్ కింద జాకీలు (బరువు మోసే తాత్కాలిక ఇనుప స్తంభాలు) పెట్టకుండా మేస్త్రిని ఉలి తాకించనివ్వకండి. ఆ జాకీలు కూడా ఆనించాలంతే, పైకి లేపకూడదు. మధ్యలో స్టీలు ఎక్కువగా అడుగునే ఉంటుంది, బలవంతంగా నెడితే పైభాగం చిట్లుతుంది.

ప్రశ్న అడిగినవారు: ట్యాంకు ఖాళీ చేశాం. ఓవర్‌ఫ్లో పైపు నీళ్లు సరిగ్గా ఆ బీమ్ మీదే పడుతున్నాయి. అమ్మానాన్న మంచాలు పక్క గదిలోకి మార్చాను. ఇంజనీరు రేపు పొద్దున వస్తారు.