ప్రాచీన గ్రీకు రచయిత జెనోఫోన్ చెప్పిన వేగం ట్రైరీమ్‌కి (మూడు వరుసల తెడ్లున్న గ్రీకు యుద్ధనౌకకి) సాధ్యమేనా? నీటి నిరోధం లెక్కల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

నీటిగీత:
బైజాంటియమ్ (నేటి ఇస్తాంబుల్) నుంచి నల్ల సముద్రం ఒడ్డునున్న హెరాక్లియాకి ట్రైరీమ్ తెడ్లతో ఒక్క రోజులో, బాగా పొడవైన రోజులో, చేరుతుందని జెనోఫోన్ రాశాడు. దూరం సుమారు 130 నాటికల్ మైళ్లు. 17 గంటలు తెడ్లు వేశారనుకున్నా సగటున ఏడున్నర నాట్ల (గంటకి అన్ని నాటికల్ మైళ్ల) వేగం కావాలి. పాత ట్రైరీమ్‌ని ఊహించి మళ్లీ కట్టి, 1987లో గ్రీస్ నౌకాదళంలో చేర్చిన ఒలింపియాస్ ఓడ 170 మందితో కాసేపు 9 నాట్లు అందుకుంది గానీ, ఏడున్నరని గంటల తరబడి నిలబెట్టలేకపోయింది. నా ఉద్దేశంలో జెనోఫోన్ మాట అతిశయోక్తి. మునిగిన ట్రైరీమ్ ఒక్కటీ దొరకలేదు. ఓడ ఆకారమే మన ఊహ అయినప్పుడు దాని నిరోధం లెక్క ఊహ మీద ఊహే కదా?

లెక్కల మాస్టారు:
నీటిగీత గారూ, ఆకారం తెలియకపోయినా హద్దులు తెలుసు. ఏథెన్స్ దగ్గరి పిరేయస్‌లోని జియా రేవులో ఓడల షెడ్ల పునాదులు మిగిలాయి. వాటిలో పట్టాలంటే పొడవు 37 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు దాటడానికి వీల్లేదు. తెడ్లవాళ్ల సంఖ్య ఏథెన్స్ నౌకాదళ రికార్డుల నుంచి తెలుస్తుంది. ఇక మీ ఏడున్నర నాట్లే తీసుకుందాం. నీటిలో తడిసే ఉపరితలం 100 చదరపు మీటర్లు, నీటిరేఖ పొడవు 32 మీటర్లు అనుకుంటే, నునుపైన ఓడకి ఘర్షణ నిరోధం దాదాపు 1,600 న్యూటన్లు. దాన్ని దాటడానికి కావలసింది 6 కిలోవాట్లు, అంటే మనిషికి 36 వాట్లు. ఫ్రౌడ్ సంఖ్య (ఓడ పొడవుతో పోలిస్తే వేగం ఎంతో చెప్పే అంకె) 0.22 దగ్గర ఇంత సన్నటి ఓడకి అలల వాటా చిన్నదే. తెడ్డు దగ్గర పోయే శక్తినీ గాలినీ కలిపి రెట్టింపు చేసినా 72 వాట్లు. గంటల తరబడి కష్టమే గానీ, అదే వృత్తిగా బతికినవాళ్లకి అసాధ్యం కాదు.

ఇంకో మాట. శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, నా నిరోధం 20 శాతం తప్పినా అదే శక్తికి వేగం 6 శాతమే మారుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో మనకి బాగా తెలిసిన భాగం నిరోధమే. అనుమానమేదైనా ఉంటే మనుషుల మీద పెట్టుకోవాలి.

తీరరేఖ:
మాస్టారూ, "నునుపైన ఓడ" అన్నారు చూడండి, గొడవంతా అక్కడే ఉంది. క్రీ.పూ. 414లో సిరక్యూస్ ముట్టడి నుంచి సేనాని నికియాస్ ఏథెన్స్‌కి రాసిన ఉత్తరాన్ని చరిత్రకారుడు థ్యూసిడిడీస్ మనకి అందించాడు. ఓడలు చాలాకాలం నీళ్లలోనే ఉండి నాని కుళ్లుతున్నాయని, ఒడ్డుకి లాగి ఆరబెట్టే వీలు లేదని అందులో మొర. నానిన చెక్క బరువెక్కి ఓడ లోతుగా దిగుతుంది, తడిసే ఉపరితలం పెరుగుతుంది. నాచు పట్టిందంటే మీ 20 శాతం ఎక్కడికి సరిపోతుంది? అదే కొయ్య, అదే ఆకారం. వారం తేడాలో నిరోధం వేరు.

పైగా బోస్పరస్‌లో పైనీరు దక్షిణానికి పారుతుంది. హెరాక్లియా వెళ్లేవాళ్లు మొదట దానికి ఎదురెళ్లాలి.

లెక్కల మాస్టారు:
ఎదురు ప్రవాహం మాట ఒప్పుకుంటాను, అది కొన్ని గంటల సంగతి. నాచు గురించైతే, జెనోఫోన్ చెప్పింది మంచి స్థితిలో ఉన్న ఓడ సంగతని నేను చదువుకుంటాను.

ఒలింపియాస్ వెనకబడింది నీటి నిరోధం వల్ల కాదు. తెడ్డుకీ తెడ్డుకీ మధ్య దూరం 89 సెంటీమీటర్లు పెట్టారు, రెండు మూరలన్న లెక్కతో. సలామిస్‌లో దొరికిన కొలతల శిల్పఫలకం ప్రకారం మూర అంతకంటే పెద్దది, ఆ దూరం 98 సెంటీమీటర్లు అవుతుంది. వెన్ను వంచి పూర్తిగా లాగే చోటు లేక మనుషులు బలం పోగొట్టుకున్నారు. అది సరిచేయకుండా జెనోఫోన్‌ని అబద్ధాలకోరు అనడం అన్యాయం.

నీటిగీత:
అబద్ధాలకోరు అనలేదు మాస్టారూ, అతిశయోక్తి అన్నాను. మీరు మనుషుల్ని, తీరరేఖ గారు చెక్కని పట్టుకున్నారు. రెండూ కలిసి వచ్చిన వేగాన్ని చూసి ఎవరి వాటా ఎంతో ఎలా విడదీస్తారు? 1871లో ఇంజనీర్ ఫ్రౌడ్ గ్రేహౌండ్ ఓడని తాడు కట్టి లాగించి నిరోధం కొలిచినట్టే, పునర్నిర్మించిన ఓడని తెడ్లు లేకుండా లాగాలి. ఆరిన వెంటనే ఒకసారి, రెండు నెలలు నీళ్లలో నానాక మరోసారి. ఆ రెండు అంకెలు చేతిలో పడేదాకా 36 వాట్లని నేను కింది హద్దుగానే తీసుకుంటాను.