ఫంక్, సోల్ రికార్డులు: ఒరిజినల్ కోసం వేలు పోయాలా, రీఇష్యూ చాలదా?

ముల్లు_గాడి

అందరికీ నమస్కారం. కొంచెం గొడవ పెట్టుకుందామనే రాస్తున్నాను.

ఫంక్, సోల్ అనే ఈ అమెరికా నల్లజాతి వాళ్ల సంగీతంలోకి నేను వచ్చింది దొడ్డిదారిన. హిప్‌హాప్ వింటూ, ఈ దరువు ఎవరిదబ్బా అని ఆరా తీస్తూ పోతే జేమ్స్ బ్రౌన్ బృందంలో వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ దగ్గర తేలాను. 1970లో వచ్చిన 'ఫంకీ డ్రమ్మర్'లో మిగతా అందరూ చేతులు ఆపేసి ఆయన్ని ఒక్కణ్ణే వదిలేసే కొన్ని సెకన్లు ఉంటాయి. ఆ ముక్కని కోసుకెళ్లి ఎన్ని వందల పాటల్లో అతికించారో! అక్కణ్ణుంచి మెంఫిస్, డెట్రాయిట్, ఆ తర్వాత హామండ్ ఆర్గాన్ మోగే జాజ్. ఇప్పుడు ఇంట్లో ఒక అల్మారా నిండింది.

నా వాదన ఇదీ. మన దేశంలో కూర్చుని ఒరిజినల్ ప్రెస్సింగుల (పాట వచ్చిన కొత్తలో అచ్చయిన రికార్డుల) వెంట పడటం దండగ. అమెరికా నుంచి ఒక పాత ఎల్పీ (పన్నెండు అంగుళాల పెద్ద రికార్డు) తెప్పిస్తే కొరియరూ కస్టమ్సూ కలిసి తడిసి మోపెడవుతుంది. తీరా వచ్చాక, అమ్మినాయన 'వీజీ ప్లస్', అంటే చాలా బాగుంది, అని రాసిన రికార్డు పకోడీల మూకుడులా చిటపటలాడుతుంది. పైగా పాత రికార్డు మీద పెట్టిన డబ్బులో వాయించినవాళ్లకు పైసా ముట్టదు, అంతా వ్యాపారి జేబులోకే. రీఇష్యూ, అంటే తర్వాత మళ్లీ అచ్చేసినది, అయితే హక్కుదారుడికి ఎంతో కొంత చేరుతుంది, మనకీ శుభ్రమైన రికార్డు వస్తుంది.

గొప్ప చెప్పుకోడానికి తప్ప ఒరిజినల్ ఎందుకు? కాదనేవాళ్లు కారణం చెప్పండి.

బెజవాడ_ఫార్టీఫైవ్

గొప్పలతో సంబంధం లేని కారణం ఒకటి చెప్తాను. మీరు ఎల్పీల గురించి మాట్లాడుతున్నారు. 1960ల్లో సోల్ అంటే వైపుకో పాట ఉండే ఏడంగుళాల ఫార్టీఫైవ్. డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీలో దాని యజమాని బెర్రీ గోర్డీ శుక్రవారం శుక్రవారం అందర్నీ కూర్చోబెట్టి ఏ పాట బయటికి వెళ్లాలో తేల్చేవాడు. కారు రేడియోలో ఎలా వినబడుతుందో చూసుకోడానికి బుల్లి స్పీకర్ మీద కూడా విని చూసేవాళ్లు. అలా తేల్చిన మిక్స్ (గొంతూ వాయిద్యాలూ కలిపిన తీరు) మోనో, అంటే అన్నీ ఒకే చోటి నుంచి వినబడతాయి. అందులో జేమ్స్ జేమర్సన్ బాస్ నేరుగా మీ ఛాతీ మీదికి వస్తుంది. అదే పాటకి ఎల్పీ కోసం చేసిన స్టీరియో మిక్స్ వేరు. కొన్నిట్లో దరువు ఒక చెవిలో, గొంతు ఇంకో చెవిలో, మధ్యలో ఖాళీ.

రీఇష్యూ కంపెనీ ఆ స్టీరియో టేపు తీసుకుని ముద్రిస్తే, రికార్డు ఎంత శుభ్రంగా ఉంటే ఏం లాభమండీ? డెట్రాయిట్ జనం అప్పుడు విన్నది అది కాదు. నాకు చిటపటలున్న మోనోనే ముద్దు.

చార్మినార్_బాస్

అన్నా, గివన్నీ ఫోన్ల దొరుకుతయ్ గదా. ప్లేట్లెందుకు, గింత లొల్లెందుకు?

బెజవాడ_ఫార్టీఫైవ్

తమ్ముడూ, ఫోన్లో దొరికేది ఏ మిక్సో ఎవడూ రాయడు. లొల్లి అక్కడే.

లండన్_గుంటూరోడు

ముల్లు_గాడి గారూ, మీరు అడిగిన ప్రశ్న మీద ఈ దేశంలో యాభై ఏళ్లుగా తన్నుకుంటున్నారు.

ఉత్తర ఇంగ్లండ్‌లో నార్తర్న్ సోల్ అని ఒక పిచ్చి ఉండేది, ఇప్పటికీ ఉంది. 1973 నుంచి 1981 దాకా నడిచిన విగన్ క్యాసినో దానికి తిరుపతి లాంటిది. తెల్లవార్లూ డాన్సే. అక్కడ వేసే పాటలు అమెరికాలో హిట్లు కావు, అసలు ఎవరూ కొనని పాటలు. 1965, 66 ప్రాంతాల్లో చిన్నా చితకా లేబుళ్లు (రికార్డు కంపెనీలు) వేసి అమ్ముకోలేకపోయిన ఫార్టీఫైవ్‌లు. ఎవరి దగ్గర లేని పాట తన దగ్గర ఉంటేనే డీజేకి పేరు. అందుకని పక్క డీజే కనిపెట్టకుండా రికార్డు మధ్యలో పేర్లుండే చోట కాగితం అంటించి, గాయకుడికి దొంగపేరు పెట్టి మరీ వేసేవాళ్లు. కవర్‌అప్ అంటారు దాన్ని. ఫ్రాంక్ విల్సన్ మోటౌన్ వాళ్లదే అయిన 'సోల్' అనే లేబుల్ కోసం 1965లో పాడిన ఒక ఫార్టీఫైవ్‌కి తెలిసిన ప్రతులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2009లో ఒకటి 25,742 పౌండ్లకు పోయింది. ఇది పిచ్చే, నేను కాదనను. ఇప్పటికీ కొన్ని డాన్స్ నైట్లలో రీఇష్యూ వేస్తే డీజేని పురుగుని చూసినట్టు చూస్తారు. అదీ నాకు నచ్చదు.

కానీ ఒకటి ఆలోచించండి. ఆ పిచ్చోళ్లు డెట్రాయిట్ గోడౌన్లలో దుమ్ము దులుపుకుంటూ తవ్వకపోతే ఆ పాటలు ఉన్నాయని ఎవడికి తెలుసు? తర్వాత 1985లో ఇక్కడ కిస్ ఎఫ్ఎమ్ లైసెన్సు లేని దొంగ రేడియోగా నడుస్తున్నప్పుడు డీజే నార్మన్ జే పాత ఫంక్ రికార్డులు తెచ్చి వేసి దానికి 'రేర్ గ్రూవ్' అని పేరు పెట్టాడు. జనం దుకాణాల మీద పడ్డారు. ఆ తర్వాతే కంపెనీలు కళ్లు తెరిచాయి. శాక్సఫోన్ వాయించే మేసియో పార్కర్ బృందం 1974లో చేసిన పాటని 1987లో ఇక్కడ మళ్లీ ముద్రించి అమ్మారు. ముందు ఒరిజినల్ పిచ్చి, దాని వెనక రీఇష్యూ. వరస ఎప్పుడూ ఇదే. మొదటి మెట్టు విరగ్గొట్టి రెండోదాని మీద నిలబడతానంటే ఎలా సార్?

మాస్టరింగ్_మామయ్య

ఇరుపక్షాలూ 'ఒరిజినల్' అంటే ఏదో ఒకే వస్తువు అన్నట్టు మాట్లాడుతున్నారు. కాదు.

బెజవాడ గారికి ముందు. మీ ఫార్టీఫైవ్‌లన్నీ వినైల్ అనుకుంటున్నారా? అమెరికాలో చాలా కార్ఖానాలు ఫార్టీఫైవ్‌లని స్టైరీన్‌తో చేసేవి, అంటే గట్టి ప్లాస్టిక్. ఒకే పాటని ఒక ఊళ్లో వినైల్‌తో, ఇంకో ఊళ్లో స్టైరీన్‌తో ముద్రించిన సందర్భాలు బోలెడు. చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది: తేలిగ్గా ఉంటుంది, వంగదు, గోటితో తడితే టక్కుమంటుంది, కాగితం లేబుల్ పైన అంటించినట్టు ఉంటుంది. దాని మీద అరిగిపోయిన ముల్లు నాలుగుసార్లు నడిచిందంటే గాడి తినేస్తుంది. డీజేలు పాట మొదలు పట్టుకోడానికి ముందుకీ వెనక్కీ తిప్పిన చోట కాలినట్టు బుస్సుమంటుంది. చూడ్డానికి అద్దంలా మెరుస్తూ, పెడితే బొంగురుపోయిన గొంతు! ఫొటో చూసి కొనే ఇండియా వాళ్లని ముంచేది ఇదే. ఇక 1973 చమురు సంక్షోభం తర్వాత వచ్చిన ఎల్పీల సంగతి సరేసరి. పలచగా, కరిగించి మళ్లీ పోసిన ప్లాస్టిక్‌తో చేసినవి ఎన్నో. ఫంక్ ఉచ్ఛస్థితిలో ఉన్న రోజులు కూడా సరిగ్గా అవే.

అలాగని రీఇష్యూ అన్న మాటకీ విలువ లేదు. టేపు నుంచి ల్యాకర్ (మెత్తటి పూత పూసిన పళ్లెం) మీద గాడి కోయాలి, ల్యాకర్ నుంచి లోహపు అచ్చు తీయాలి, ఆ అచ్చుతో రికార్డు ముద్రించాలి. ఆ టేపు ఏ తరందో కవర్ మీద ఉండదు. '180 గ్రాములు' అని స్టిక్కర్ మాత్రం ఉంటుంది. బరువు తూచి కొనడానికి ఇదేమన్నా బియ్యమా? మొబైల్ ఫిడెలిటీ అనే రీఇష్యూ కంపెనీ వాళ్ల ఖరీదైన రికార్డులు పూర్తి అనలాగ్ (టేపు నుంచి నేరుగా కోసినవి) అనుకుని కొన్నవాళ్లకి, చాలావాటిలో మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని 2022లో బయటపడింది. తమాషా ఏమిటంటే, 'డిజిటల్ అయితే మా చెవికి తెలిసిపోతుంది' అని వాదించే పెద్దమనుషులెవరూ అన్నాళ్లూ కనిపెట్టలేదు.

అందుకని స్టిక్కర్ వదిలేసి డెడ్ వాక్స్ చూడండి. లేబుల్‌కీ చివరి గాడికీ మధ్య నునుపుగా ఉండే నల్లటి పట్టీ. దీపం కింద కాస్త వాల్చి పట్టుకుంటే గీసిన అక్షరాలు మెరుస్తాయి. బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ రికార్డులో 'ఆర్‌వీజీ' అని ఉంటే వాళ్ల ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ స్వయంగా కోసిన గాడి. పక్కన చెవి ఆకారంలో చిన్న గుర్తు ఉంటే ప్లాస్టిలైట్ కార్ఖానాది, 1966కి ముందు ముద్రణ. కొత్తవాటిలో గాడి కోసే ఇంజనీరు కెవిన్ గ్రే గుర్తు చూడండి. 2019లో మొదలైన బ్లూ నోట్ టోన్ పోయెట్ వరసని ఆయన అసలు అనలాగ్ టేపుల నుంచే కోస్తున్నాడు. అవి నా దగ్గర ఉన్న కొన్ని ఒరిజినల్స్ కంటే బాగున్నాయి, మొహమాటం లేకుండా చెప్తున్నా.

షికాగో_వదిన

ధ్వని సంగతి మీరు తేల్చుకోండి. నేను డబ్బు సంగతికి వస్తాను. ముల్లు_గాడి గారు 'రీఇష్యూ కొంటే హక్కుదారుడికి చేరుతుంది' అన్నారు. నిజమే. కానీ హక్కుదారుడు ఎవరు?

మీరు చెప్పిన స్టబుల్‌ఫీల్డ్‌నే తీసుకుందాం. ఆయన జీతానికి వాయించిన డ్రమ్మర్. పాట రచయితగా పేరు లేదు, కాబట్టి ఆ దరువుని ప్రపంచమంతా వాడుకున్నా రాయల్టీ రాలేదు. 2017లో పోయాడు. ఆ రికార్డు కొత్త ముద్రణ మీరు పది కొనండి, ఆయన ఇంటికి ఏం చేరుతుంది? మెంఫిస్‌లో స్టాక్స్ అనే రికార్డు కంపెనీ వాళ్ల కథ ఇంకా ఘోరం. తమ రికార్డులు పంపిణీ చేసే అట్లాంటిక్ కంపెనీతో ఒప్పందంలో ఒక క్లాజు చదవకుండా సంతకం పెట్టి, 1968లో విడిపోయేసరికి, అట్లాంటిక్ పంపిణీ చేసిన తమ రికార్డింగుల హక్కు పోగొట్టుకున్నారు. ఓటిస్ రెడ్డింగ్ పాటలతో సహా! అప్పటికి ఆయన విమాన ప్రమాదంలో పోయి ఏడాది కూడా కాలేదు. మీరు ఆ రీఇష్యూ కొంటే డబ్బు వెళ్లేది ఒక పెద్ద కంపెనీ ఖాతాలోకి.

అన్నీ అలాంటివే అనను. మా ఊళ్లో న్యూమెరో గ్రూప్ అని రీఇష్యూలు వేసే కంపెనీ ఉంది. వాళ్ల మొదటి విడుదల 2004లో, ఒహాయోలోని కొలంబస్‌లో బిల్ మాస్ నడిపిన కాప్‌సోల్ అనే చిన్న లేబుల్ పాటలు. ఇలాంటి చోట ఆ పాత లేబుల్ యజమానినో, పాడినవాళ్లనో వెతికి పట్టుకుని, ఒప్పందం రాసుకుని, వాళ్ల కథ కూడా కవర్‌తో పాటు అచ్చేస్తారు. అది కొనండి. నా గీటురాయి ఒరిజినలా రీఇష్యూనా అన్నది కాదు, ఎవరితో ఒప్పందం రాసుకుని ముద్రించారు అన్నది. అసలు ఒప్పందమే లేకుండా యూరప్‌లో అచ్చేసే బూట్‌లెగ్‌లు కూడా 'రీఇష్యూ' పేరుతోనే దుకాణంలో ఉంటాయి.

ముల్లు_గాడి

వదిన గారూ, బాగా అడిగారు. కానీ మీరు చెప్పినదాని ప్రకారం కూడా ఒరిజినల్‌కి సున్నా, మంచి రీఇష్యూకి ఎంతో కొంత. సున్నా కంటే ఎంతో కొంత ఎక్కువేగా? ఇక గుంటూరు అన్నా, తవ్వినవాళ్లకి దణ్ణం పెడతాను. అయితే 25 వేల పౌండ్లు పెట్టి కొన్నవాడు తవ్వినవాడు కాదు. తవ్వకం ఎప్పుడో అయిపోయింది, అతను కొన్నది హోదా.

ఉప్పుగాలి_వైజాగ్

మీరంతా సోల్ అంటూ కూర్చున్నారు, నాది లౌంజ్ (మెత్తటి నేపథ్య సంగీతం) పార్టీ. మా వైపు ఈ తగువే లేదు. లండన్‌లో కేపీఎమ్ అని లైబ్రరీ మ్యూజిక్ కంపెనీ. టీవీ వాళ్లకీ ప్రకటనల వాళ్లకీ వాడుకోడానికి అలన్ హాక్‌షా, కీత్ మాన్స్‌ఫీల్డ్ లాంటి వాళ్లతో రాయించి, అన్నిటికీ ఒకేరకం ముదురాకుపచ్చ అట్ట వేసి స్టూడియోలకు పంపేవాళ్లు. మామూలు దుకాణంలో ఎన్నడూ అమ్మలేదు. నేపథ్యంలో పడుండటానికి చేసిన సంగీతం, యాభై ఏళ్ల తర్వాత మేం ముందు కూర్చుని వింటున్నాం! స్టూడియో మూసేసినప్పుడు బయట పారేస్తే తప్ప ఒరిజినల్ దొరికే దారి లేదు. రీఇష్యూ రాకపోతే మాకు ఆ పాటే లేదు.

మన దేశం సంగతి చెప్పాలంటే, కలకత్తా దగ్గర డమ్‌డమ్ కార్ఖానాలో అచ్చయిన విదేశీ ఎల్పీలు పాత సామాన్ల అంగళ్లలో తగులుతుంటాయి. నాకు తగిలినన్నీ బోనీ ఎమ్, ఆబా. ఫంక్ తగిలితే పండగే. ముంబైలో పుట్టిన ఆశా పుత్లీ 1971లో జాజ్ శాక్సఫోన్ కళాకారుడు ఆర్నెట్ కోల్‌మన్ పక్కన పాడింది, 1976లో సీబీఎస్ కంపెనీకి ఒక అద్భుతమైన ఎల్పీ చేసింది. మన అమ్మాయి రికార్డు కూడా నేను బయటి దేశం నుంచి రీఇష్యూగానే తెప్పించుకోవాల్సి వచ్చింది. ఇంకోటి, సముద్రం పక్కన ఇల్లు. మా పాత అట్టలకి వానాకాలంలో బూజు పడుతుంది. అంత డబ్బు పోసినదాన్ని బూజుకి పెట్టే గుండె నాకు లేదు.

లండన్_గుంటూరోడు

ఒక్కటి చెప్పి ఊరుకుంటా. మామయ్య గారు టేపుల గురించి చెప్పారు. టేపు లేకపోతే? 2008లో హాలీవుడ్‌లో యూనివర్సల్ వాళ్ల గోడౌన్ తగలబడి మాస్టర్ టేపులు పోయాయి, ఎన్ని పోయాయన్నది ఇప్పటికీ తేలని తగువు. అది పెద్ద కంపెనీ. చిన్న లేబుళ్ల టేపులు చెత్తలో పోయినవి, మీద ఇంకోటి రికార్డు చేసేసినవి లెక్కలేనన్ని. అప్పుడు రీఇష్యూ ఎలా చేస్తారు? గీత పడని ఒరిజినల్ ఎవరి దగ్గరుందో వెతికి, అడిగి తెచ్చుకుని, ముల్లు పెట్టి రికార్డు చేసుకుని, చిటపటలు తుడిచి ముద్రిస్తారు. నీడిల్ డ్రాప్. మీ అల్మారాలో ఉన్న కొత్త రికార్డుల్లో కొన్నిటికి తల్లి ఏ మాంచెస్టర్ ముసలాయన ఇంట్లోనో ఉన్న పాత ఫార్టీఫైవ్. ఆయన హోదా కోసమే కొని ఉండొచ్చు, అయినా పాట బతికింది ఆయన దగ్గరే.

ముల్లు_గాడి

సరే అన్నా, ఆ ముసలాయన కొనుక్కోనీ. నేను రీఇష్యూనే కొంటాను, కాకపోతే వెనక అట్ట మీద టేపు నుంచి కోశారా, రికార్డు నుంచి తీశారా, ఎవరితో ఒప్పందం అన్నది రాసి ఉంటేనే. రాయనివాడికి డబ్బివ్వను.

బెజవాడ_ఫార్టీఫైవ్

మోనోనా స్టీరియోనా అన్నది కూడా చూడండి. నా ఓటు ఇప్పటికీ ఫార్టీఫైవ్‌కే. స్టైరీన్ అయినా సరే, మామయ్య గారూ.

చార్మినార్_బాస్

అన్నా, నాకు టర్న్‌టేబుల్ లేదు. గా ఆశా పుత్లీ పాట ఫోన్ల విన్న, మస్తుంది. సెకండ్ హ్యాండ్‌ల మంచి మెషిన్ యాడ దొరుకుతదో చెప్పున్రి.