మా ట్రస్ట్ వెబ్‌సైట్ డిజైన్ ఎక్కడ నుంచి సరిచేయాలి?

వాలంటీర్_ఖమ్మం:
నమస్తే అండి. ఖమ్మం దగ్గర అనాథ పిల్లల హోమ్ నడిపే చిన్న ట్రస్ట్‌కి ఖాళీ టైంలో సాయం చేస్తుంటా. సైట్ ఎప్పుడో ఎవరో ఫ్రీగా చేసిచ్చారు, పైన తిరిగే స్లైడర్, దాని కింద పరిగెత్తే ఎర్ర అక్షరాలు, పిల్లలు అన్నం తినే ఫొటోలు, ప్రెసిడెంట్ గారికి శాలువా కప్పే ఫొటోలు ఇంకా ఎక్కువ. పాంప్లెట్‌కి అనూ (డీటీపీ వాళ్లు వాడే పాత తెలుగు ఫాంట్లు)లో కొట్టిన మేటర్ పేస్ట్ చేస్తే పిచ్చి సింబల్స్ వస్తున్నాయని మొత్తం ఇమేజ్‌గా పెట్టేశారు. బడ్జెట్ సున్నా.

డీటీపీ_బాబాయ్:
అనూ యూనికోడ్ (అన్ని ఫోన్లు, కంప్యూటర్లు చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టే ఆ గోల. కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌కి మార్చండి, మార్చాక వత్తులు ఎవరైనా కూర్చుని దిద్దాల్సిందే. ఇమేజ్‌గా ఉంచితే ఫోన్‌లో జూమ్ చేసుకుని చదివే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, నోటో సాన్స్ తెలుగు ఫ్రీ, మేటర్‌కి అవి చాలు, హెడ్డింగ్‌కి రామభద్ర బావుంటుంది. లైన్ల మధ్య గ్యాప్ ఇంగ్లీష్‌కి పెట్టినంతే పెడితే పై లైన్ వత్తు కింద లైన్ గుడి మీద కూర్చుంటుంది, అక్షరం సైజుకి 1.6 రెట్లు అలా పెట్టి చూడండి. పాంప్లెట్లు డిజైన్ చేసుకోడానికి కాన్వా యాప్ వాళ్లు నాన్‌ప్రాఫిట్లకి ఫ్రీగా ఇస్తారు, రిజిస్ట్రేషన్ కాగితాలతో అప్లై చేయండి.

లాయర్_గారమ్మాయి:
ఫాంట్ తర్వాత, ముందు ఆ పిల్లల ఫొటోలు తీసేయండి! 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం హోమ్‌లో ఉండే పిల్లల పేరు, ఫొటో, స్కూల్, గుర్తుపట్టేలా ఏదీ బయటపెట్టకూడదు. 6 నెలల వరకు జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, రెండూ పడొచ్చు. వాళ్లు వేసిన బొమ్మలు, వంటగది, లైబ్రరీ గది, ఇవి పెట్టండి. అయినా రేపు ఆ పిల్ల కాలేజీకెళ్తే ఆ ఫొటో ఇంకా నెట్‌లో తిరుగుతుంటే ఎలా ఉంటుంది?

డాలస్_తమ్ముడు:
డబ్బులిచ్చేవాడిగా చెప్తున్నా, నేను వెతికేది 80జీ (దాతకి ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు) ఉందా, రసీదు ఎలా వస్తుంది, పోయినేడు లెక్కలెక్కడ, ఇవే. మీ సైట్‌లాంటి వాటిలో అవి మూడు మెనూల లోపల ఉంటాయి. ఇంకోటి, నాది ఇండియన్ పాస్‌పోర్టే కాబట్టి నా సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఫారిన్ విరాళం కింద రాదు, మా అన్నయ్య అమెరికా సిటిజన్ అయ్యాడు, ఆయనిస్తే వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాలు తీసుకోడానికి ట్రస్ట్‌కి కావాల్సిన ప్రభుత్వ రిజిస్ట్రేషన్) ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ అకౌంట్‌కే రావాలి. అందుకని డొనేట్ పేజీలో మొదటే పౌరసత్వం అడిగి రెండు దారులు చేయండి, అందరికీ ఒకటే క్యూఆర్ పెట్టేయకండి.

వాలంటీర్_ఖమ్మం:
అమ్మో, సెక్షన్ సంగతి మాలో ఎవరికీ తెలీదు, ఫొటోలు ఈ రాత్రికే తీయించేస్తా. ఎఫ్‌సీఆర్‌ఏ మాకు లేదు, ఆ మాట పేజీలోనే రాస్తాం. మరి శాలువా ఫొటోలు తీసేయమని ప్రెసిడెంట్ గారికి ఎలా చెప్పాలి?

డీటీపీ_బాబాయ్:
తీసేయమనకండి బాబూ, 'మన కార్యక్రమాలు' అని ఇంకో పేజీ చేసి అన్నీ అందులో పడేయండి, ఆయనా హ్యాపీ.