తలస్నానం అంటే పాప కేకలు – మొండితనమా?

ప్రశ్న: పాపకి నాలుగేళ్లు. తలమీద నీళ్లు పడితే ఒకటే ఏడుపు. గోళ్లు తీయనివ్వదు, గౌను లేబుల్ తగిలినా పీకేస్తుంది. ఏం చేయాలి?

జవాబు 1: మొండితనం కాదండీ, ఒంటికి ఏది తగిలినా తనకి అతిగా తెలుస్తోంది; దయచేసి కొట్టకండి. ఇలాంటి పిల్లలకి తేలికగా తగిలితేనే బాధ; గట్టిగా, నిదానంగా నొక్కితే చాలామందికి ఊరట. ముందు రెండు అరచేతులతో తల నొక్కండి. నుదుటిమీద మడిచిన తువ్వాలు తననే పట్టుకోనివ్వండి. షవర్ వద్దు. తల వెనక్కి వంచి చెంబుతో పోయండి, పైకి వినపడేలా ఐదు లెక్కపెట్టి ఆపండి. ఆరో అంకెకి కూడా పోస్తే నమ్మకం పోతుంది.

జవాబు 2: గోళ్లు స్నానమయ్యాక మెత్తబడతాయి. వేలికొస నొక్కిపట్టి తీయండి, పూటకి రెండు వేళ్లు చాలు.

జవాబు 3: డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం జబ్బుల జాబితా, 2013)లో ఇలా స్పర్శ అతిగా తెలియడం విడి జబ్బు కాదు, ఆటిజం లక్షణాల్లో ఒకటి. అలాగని ఇది ఉన్న పిల్లలందరికీ ఆటిజం ఉన్నట్టు కాదు. మాట, ఆట కూడా వెనకబడితే పిల్లల డాక్టరుకి చూపించండి.