ఇంటర్న్‌కి రెండు బడులు అప్పగించేస్తే అది శిక్షణ అవుతుందా?

తెల్లకాగితం
అందరికీ నమస్కారం. అమెరికాలో స్కూల్ సైకాలజీ (బడి పిల్లలకి పరీక్షలు చేసి, ఎవరికి ప్రత్యేక విద్య, కౌన్సెలింగ్ కావాలో చూసే పని) స్పెషలిస్ట్ డిగ్రీ చేస్తున్నాను, ఆగస్టు నుంచి ఇంటర్న్‌షిప్ ఏడాది. రెండు ఆఫర్లు వచ్చాయి, రెండింటికీ పొంతన లేదు.

మొదటిది స్టైపెండ్ ఉన్నది. అద్దె, తిండి గడిచిపోతాయి. కానీ అక్కడి సైకాలజిస్ట్ ఒకావిడ మానేశారు, ఆవిడ చూసుకున్న రెండు ఎలిమెంటరీ స్కూళ్ళూ నాకే ఇస్తామంటున్నారు. సూపర్‌వైజర్ ఉంటారు గానీ వేరే భవనంలో, శుక్రవారాలు కలుస్తారట. రెండో చోట పైసా ఇవ్వరు. అయితే సూపర్‌వైజర్ పనిచేసే బడిలోనే నేనూ ఉంటాను, మొదట్లో ఆయన చేసేది చూస్తూ, ఆపైన ఒక్కో కేసూ తీసుకుంటూ.

క్లాస్‌మేట్స్ మొదటిదే తీసుకోమంటున్నారు. మా ప్రొఫెసర్ "రెండూ నిబంధనల ప్రకారమే ఉన్నాయి" అని ఊరుకున్నారు. ఇంటర్న్‌కి సొంతంగా బడి ఇచ్చేయడం అసలు సబబేనా? ఈ ఏడాది దాటి వచ్చినవాళ్ళు చెప్పండి.

గోదారిగట్టు
కళ్ళు మూసుకుని మొదటిదే తీసుకోండి.

పై ఏడాది మీకు ఉద్యోగం వస్తుంది. అప్పుడు రెండు బడులతో సరిపెడతారన్న గ్యారంటీ కూడా లేదు. 500 మంది పిల్లలకు ఒక సైకాలజిస్ట్ ఉండాలని ఎన్‌ఏఎస్‌పీ (స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం) ఎప్పటినుంచో చెబుతోంది, దేశం మొత్తం సగటు చూస్తే వెయ్యి దాటే ఉంది. అలాంటి చోట మీ పక్కన కూర్చుని నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. "మీ బాబుకి స్పెషల్ ఎడ్యుకేషన్ అర్హత రాలేదండీ" అని తల్లిదండ్రుల మొహం చూస్తూ చెప్పడం, పక్కన కూర్చుని వింటే వచ్చేది కాదు.

నన్ను ఇంటర్న్‌షిప్‌లో చలికాలం దాకా చూస్తూనే కూర్చోబెట్టారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తల్లి అడ్వకేట్‌ని వెంటబెట్టుకొచ్చి ఒక్కో స్కోరూ పట్టుకుని నిలదీస్తుంటే నాకు చెమటలు పట్టాయి. అది నేను ఇంటర్న్‌గా, వెనకాల సూపర్‌వైజర్ ఉండగా ఎదుర్కోవాల్సిన మీటింగ్.

ఎర్రపెన్ను
గోదారిగట్టు గారూ, "వెనకాల సూపర్‌వైజర్ ఉండగా" అని మీరే అన్నారు. ఈ ఆఫర్‌లో వెనకాల ఎవరున్నారండీ?

నేను ఇంటర్న్‌లను చూసుకునే పనిలోనే ఉన్నాను. లెక్క అందరికీ తెలిసిందే: స్పెషలిస్ట్ డిగ్రీకి ఇంటర్న్‌షిప్ 1200 గంటలు, అందులో కనీసం 600 బడిలో, ఫుల్‌టైమ్ చేసేవారికి వారానికి సగటున 2 గంటలకు తగ్గకుండా సూపర్‌విజన్. ఇంతకన్నా తగ్గితే ఒప్పుకోం అని చెప్పే లెక్క అది, ఇంత ఇస్తే చాలు అని కాదు. శుక్రవారం 2 గంటలు కూర్చుంటే కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది. మీ ప్రొఫెసర్ చెప్పింది కూడా అంతవరకే.

పక్కన మనిషి ఉండటం ఎందుకో చెబుతాను. ఒక ఇంటర్న్ రెండో తరగతి పాపకి విస్క్-5 (పిల్లల తెలివితేటల పరీక్ష) ఇస్తుంటే నేను గది మూలన కూర్చున్నాను. బ్లాకులు పేర్చే భాగం. స్టాప్‌వాచ్ నొక్కిన చప్పుడు వినబడగానే పాప చేతులు ఆగిపోతున్నాయి. వాచీ వైపు ఓసారి చూస్తుంది, పెదవి కొరుక్కుంటుంది, అప్పుడు బ్లాకు తీస్తుంది. ఇంటర్న్ కళ్ళు రికార్డ్ ఫారం మీదే ఉన్నాయి. మాన్యువల్ ప్రకారం ఇంటర్న్ ఒక్క తప్పూ చేయలేదు. పాప స్కోరు మాత్రం కిందకి పోయింది. త్వరగా పేరిస్తే ఇచ్చే టైమ్ బోనస్ కలపకుండా లెక్కగట్టే ప్రాసెస్ స్కోరు ఆ టెస్టులోనే ఉంది, అది తీసి చూస్తే పాప సత్తా వేరేగా కనబడింది. తర్వాత కారిడార్‌లో నిలబడి ఆ పాప చేతుల గురించే కాసేపు మాట్లాడుకున్నాం. శుక్రవారం ఆఫీసులో ఫారం ముందేసుకుని కూర్చుంటే ఆ చేతులు ఎక్కడ కనబడతాయి? రిపోర్టులో "సగటు కన్నా తక్కువ" అని పడేది, ఆ పాప ఫైలులో ఏళ్ళ తరబడి ఉండిపోయేది.

మోడరేటర్
టెస్టు లోపలి అంశాల గురించి ఇంతకు మించి వివరాల్లోకి వెళ్ళకండి. పిల్లల్ని గుర్తుపట్టే సమాచారం అసలే వద్దు.

సగంచదువు
తెల్లకాగితం గారూ, మీకొచ్చిన మొదటి ఆఫర్ లాంటి చోటే ప్రస్తుతం నేనున్నాను, టెక్సాస్‌లో. స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం బడులు నడిపే సంస్థ) పేరు అడగొద్దు.

ఎవరూ ముందు చెప్పని సంగతి ఒకటుంది. మనిషి మానేసినంత మాత్రాన ఆవిడ టేబుల్ మీది ఫైళ్ళు ఆగవు. పిల్లల్ని పరీక్షించడానికి ఒప్పుకుంటూ పేరెంట్ కన్సెంట్ మీద సంతకం పెట్టిన నాటి నుంచి, ఆ పరీక్షలు ముగించే గడువు నడుస్తూనే ఉంటుంది. ప్రత్యేక విద్యకి సంబంధించిన ఐడియా అనే ఫెడరల్ చట్టంలో 60 రోజులు, రాష్ట్రం సొంత గడువు పెట్టుకుంటే అది. మా దగ్గర 45 స్కూల్ రోజులు. నేను చేరేసరికే కొన్నిటికి సగం గడువు కరిగిపోయి ఉంది. ఆ పిల్లల్ని నేను అప్పటికి చూసింది లేదు, టీచర్లెవరో తెలియదు, స్టాఫ్ బాత్రూమ్ తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా తెలియదు.

ఇప్పుడు నా అవర్స్ లాగ్ తీస్తే టెస్టింగ్, స్కోరింగ్, రిపోర్టు రాయడం, ఐఈపీ (ఒక్కో పిల్లవాడికీ వేసే ప్రత్యేక విద్య ప్రణాళిక) మీటింగ్. మళ్ళీ అదే. ప్రోగ్రామ్ హ్యాండ్‌బుక్ ఏమో ఎన్‌ఏఎస్‌పీ చెప్పే 10 డొమైన్లలోనూ (పని రంగాల్లోనూ) అనుభవం రావాలంటుంది. కోపం ఆపుకోలేని పిల్లలతో ఒక చిన్న కౌన్సెలింగ్ గ్రూపు మొదలుపెట్టాను, గడువు కేసులు మీద పడి ఆగిపోయింది. ఇప్పటికీ అందులో ఒక పిల్లాడు హాల్లో ఎదురైతే "ఇవాళ గ్రూపు ఉందా మిస్?" అని అడుగుతాడు.

గోదారిగట్టు
సగంచదువు గారి బాధ అర్థమైంది. కానీ అది దోపిడీ అంటే నేనొప్పుకోను. గడువు తరుముతుంటే రిపోర్టు రాయడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే, ఆ వేగం రావాలంటే రాయాల్సిందే.

ఇక పక్క గదిలో సూపర్‌వైజర్ ఉంటే చాలనుకునేవాళ్ళకి ఒక మాట. ఆయనకీ గడువులున్నాయి, ఆయనకీ ముప్పై ఫైళ్ళున్నాయి. నా సూపర్‌వైజర్ గోడకి అవతలే ఉండేవారు. నా రిపోర్టు మొదటి పేజీ, చివరి పేజీ చూసి సంతకం పెట్టేవారు. దగ్గరగా ఉండటం వేరు, పట్టించుకోవడం వేరండీ. ఎర్రపెన్ను గారి లాంటివాళ్ళు ఎంతమంది దొరుకుతారు?

ఎర్రపెన్ను
అది నిజమే, కాదనను. అలా సంతకాలు పెట్టేవాళ్ళు నాకూ తెలుసు. అందుకే ఆఫర్ ఒప్పుకునే ముందు అక్కడ కిందటేడు చేసిన ఇంటర్న్ నంబర్ అడిగి తీసుకోమంటాను. ఇవ్వడానికి నసిగితే ఆలోచించుకోవాల్సిందే.

వేసవిగాలి
మీరు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నారా? ఉంటే లెక్కలన్నీ మారిపోతాయి. స్టైపెండ్ ఉన్నా లేకపోయినా ఇంటర్న్‌షిప్‌కి సీపీటీ (చదువులో భాగంగా పనిచేయడానికి అనుమతి) తీసుకోండి, "జీతం లేదుగా, ఎందుకు" అనుకోవద్దు. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండిందంటే ఆ డిగ్రీ మీద ఓపీటీ (చదువు అయ్యాక కొంతకాలం పనిచేసే అనుమతి) పోతుంది. స్కూల్ ఏడాది అంతకన్నా తక్కువే కాబట్టి మామూలుగా ఇబ్బంది రాదు, వేసవిలో పొడిగిస్తామంటే మాత్రం తేదీలు లెక్కేసుకోండి.

ముఖ్యమైనది ఇంకోటి. సీపీటీ ఆ ఒక్క డిస్ట్రిక్ట్ పేరు మీదే వస్తుంది. అక్టోబరులో పని భరించలేక మారదామంటే రేపే వెళ్ళి ఇంకో బడిలో కూర్చోవడం కుదరదు, కొత్త ఆథరైజేషన్ రావాలి. సిటిజన్ క్లాస్‌మేట్స్ "తీసుకో, నచ్చకపోతే మానేయొచ్చు" అన్నంత తేలిక కాదు మనకి.

తెల్లకాగితం
అవునండీ, ఎఫ్-1 మీదే ఉన్నాను. మారడానికి అంత తతంగం ఉందని తెలియదు. థాంక్స్.

ఉడతాభక్తి
శిక్షణ, శిక్షణ అని అందరూ చెబుతున్నారు. జీతం లేని చోట ఏడాదంతా పనిచేసి ఎవరు బతకగలరో ఒక్కరూ మాట్లాడరేం?

ఫుల్‌టైమ్ పని, పైగా ఇంటర్న్‌షిప్ క్రెడిట్లకి యూనివర్సిటీకి మనమే ఎదురు ఫీజు కట్టాలి. ఇంట్లోవాళ్ళు పంపగలిగితే "మంచి సూపర్‌విజన్" ఎంచుకుంటారు. అప్పు చేసి చదివేవాళ్ళకి ఆ సుఖం ఎక్కడిది? 2022లో బైపార్టిజన్ సేఫర్ కమ్యూనిటీస్ యాక్ట్ వచ్చి, బడుల్లో మానసిక ఆరోగ్య సిబ్బందిని తయారుచేయడానికి, నియమించడానికి 100 కోట్ల డాలర్లు పెట్టారు. ఆ గ్రాంట్లతో ఇంటర్న్‌లకి స్టైపెండ్లు ఇచ్చిన చోట్లున్నాయి. 2025 ఏప్రిల్‌లో ఫెడరల్ విద్యాశాఖ చాలావాటిని ఇక కొనసాగించం అని నోటీసులిచ్చింది. కొన్ని రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. మా బ్యాచ్‌లో అలాంటి స్టైపెండ్ మీద ఆశపెట్టుకున్న అమ్మాయి ఇప్పుడు శని, ఆదివారాలు వేరే పని చేస్తోంది, సోమవారం పొద్దున్నే ఆవలిస్తూ పిల్లల ముందు కూర్చుంటుంది. అలసిపోయిన ఇంటర్న్ పక్కన ఎంత గొప్ప సూపర్‌వైజర్ ఉంటే మాత్రం ఏం లాభం?

మనుషులు దొరక్కపోతే ఇంటర్న్‌ని కూర్చోబెడుతున్నారు సరే, ఆ ఖాళీ పోస్టు జీతంలో సగమైనా ఇవ్వొచ్చుగా?

నిమ్మచెట్టు
ఉడతాభక్తి గారితో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. అయినా నేను రెండో రకం చోటే చేశాను, ఎందుకు మంచిదైందో చెబుతాను. ఇది తెలుగువాళ్ళకే వచ్చే చిక్కు.

నేను టెస్ట్ చేసిన బాబు తెలుగువాళ్ళ అబ్బాయి. ఐఈపీ మీటింగ్‌కి ఇంటర్‌ప్రెటర్ రాలేదు. ప్రిన్సిపాల్ నా వైపు చూసి "మీకు తెలుగు వచ్చుగా" అన్నారు. ఇంక చూడండి నా అవస్థ. నా స్కోర్లు ఇంగ్లీషులో నేనే చదవాలి, నేనే తెలుగులో చెప్పాలి, వాళ్ళమ్మగారు అడిగింది నేనే ఇంగ్లీషులోకి మార్చాలి, దానికి మళ్ళీ నేనే జవాబివ్వాలి. ఇంతలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మా పిల్లలాంటిదానివమ్మా, దాచకుండా చెప్పు, ఇది వాడి రికార్డులో ఉండిపోతుందా, కాలేజీకి అడ్డమొస్తుందా?" అన్నారు. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆవిడ ఏమన్నారో చెప్పమని నా వైపే చూస్తున్నారు. నాకు నోరు పెగల్లేదు.

అక్కడే ఉన్న నా సూపర్‌వైజర్ మీటింగ్ ఆపించారు. తల్లిదండ్రులకి అర్థమయ్యేలా ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టడం డిస్ట్రిక్ట్ బాధ్యత, పరీక్ష చేసిన మనిషే ఆ పని చేయకూడదు అని చెప్పి, వేరే తేదీ వేయించారు. ఆవిడ వేరే భవనంలో ఉంటే నేను ఆ మీటింగ్ పూర్తిచేసి ఇంటికి పోయేదాన్ని. ప్రిన్సిపాల్ మాట కాదనే ధైర్యం ఇంటర్న్‌కి ఎక్కడిది?

గోదారిగట్టు
నిమ్మచెట్టు గారి అనుభవానికి నా దగ్గర జవాబు లేదు. కాకపోతే అందరికీ అలాంటి సూపర్‌వైజర్ దొరకరు, అద్దె మాత్రం అందరూ కట్టాల్సిందే. నా ఓటు ఇప్పటికీ మొదటిదానికే, షరతులు పెట్టి.

ఎర్రపెన్ను
షరతుల మాటొస్తే నాది ఒక్కటే. గురువారం మధ్యాహ్నం నాలుగో తరగతి టీచర్ ఒక కాగితం తెచ్చి మీ చేతిలో పెట్టారనుకోండి, "నాకు బతకాలని లేదు" అని ఒక పిల్లాడు రాసింది. సూపర్‌వైజర్ వేరే భవనంలో మీటింగ్‌లో ఉన్నారు, ఫోన్ ఎత్తరు. ఆ పిల్లాడు బస్సెక్కే లోపు రిస్క్ అసెస్‌మెంట్ జరగాలి, తల్లిదండ్రులకి ఫోన్ వెళ్ళాలి, వాణ్ణి ఒంటరిగా వదలకూడదు. ఆ క్షణంలో మీరు పిలవాల్సిన రెండో మనిషి పేరేమిటి? కౌన్సెలరా, సోషల్ వర్కరా? ఆ బడిలో వాళ్ళు రోజూ ఉంటారా, వారంలో రెండు రోజులేనా? ఈ ప్రశ్నకి డిస్ట్రిక్ట్ ఒక పేరు చెప్పలేకపోతే, ఎంత స్టైపెండ్ ఇచ్చినా వద్దనే అంటాను.

సగంచదువు
మా బడిలో కౌన్సెలర్ మంగళ, బుధవారాలే. ఇది చదివాకే ఆలోచిస్తున్నాను. రేపు ఫ్రంట్ ఆఫీసులో అడుగుతా.

తెల్లకాగితం
అందరికీ థాంక్సండీ. మొదటి డిస్ట్రిక్ట్ వాళ్ళకి ఫోన్ చేశాను. గడువు నడుస్తున్న ఫైళ్ళు ఎన్నని అడిగితే "కనుక్కుని చెబుతాం" అన్నారు, ఇంకా చెప్పలేదు. రెండు కాకుండా ఒక్క బడే ఇస్తే చేరతానన్నాను. ఆలోచిస్తామన్నారు. రెండో బడికి కాంట్రాక్ట్ మీద ఎవరినైనా తెచ్చుకోవాలట, బడ్జెట్ చూడాలట. సూపర్‌వైజర్‌గా ఉండబోయే ఆవిడ మాత్రం విడిగా మాట్లాడారు, మొదటి నెల వారానికి రెండు రోజులు నా బడికే వచ్చి కూర్చుంటానన్నారు. మంచావిడలాగే అనిపించారు. రెండో చోట వాళ్ళు శుక్రవారం లోపు జవాబు కావాలంటున్నారు.

ఉడతాభక్తి
ఒక్క బడి ఇస్తే స్టైపెండ్ కూడా సగం చేస్తారేమో, అది అడిగారా?

ఎర్రపెన్ను
ఆ రెండు రోజుల మాట ఒప్పందంలో రాయించండి. డిస్ట్రిక్ట్‌కీ యూనివర్సిటీకీ మధ్య రాతపూర్వక ఒప్పందం ఎలాగూ ఉంటుంది, ఒక వాక్యం చేర్చడానికి మీ ప్రొఫెసర్ ఒక ఈమెయిల్ పెడితే చాలు. ఆయన ఈసారైనా ఊరుకోకుండా చూడండి.

గోదారిగట్టు
పాత సైకాలజిస్ట్ ఎందుకు మానేశారో కూడా కనుక్కోండి. ఎవరూ అడగలేదు ఇంతవరకు.