ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఫైర్ వాళ్ళు బయటి నుంచే ఎలా అంచనా వేస్తారు?

వేసవిగాలి:

పోయిన వారం మా వెనక వీధిలో ఒక రెండంతస్తుల ఇల్లు అంటుకుంది. ఫైరింజన్ ఆగగానే ఆఫీసర్ లోపలికి పరిగెత్తుతాడని అనుకున్నాం. ఆయన మాత్రం ఇంటి చుట్టూ గబగబా ఒక చుట్టు తిరిగాడు, పక్కగోడ మీద మీటర్ల దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు, వెనక్కి వెళ్ళి పైకి చూశాడు, ఆ తర్వాతే వెనక వైపు ఒక కిటికీ చూపించి నిచ్చెన వేయమన్నాడు. అక్కడున్న మేమంతా "లోపల మనుషులుంటే ఇంకా చుట్టూ తిరుగుతారేంటి" అని కేకలు వేశాం, నేను కూడా. ఆ కిటికీ ఉన్న గదిలోంచే ఒక పెద్దావిడని దించారు, ఆవిడ బాగానే ఉంది. పైన వేరే కుటుంబం ఉంటోందని ఏళ్ళ తరబడి అక్కడే ఉంటున్న మాకే తెలియదు, ఆయనకి ఒక్క నిమిషంలో ఎలా తెలిసింది?

ఇంకో సంగతి, మా పాపకి నాలుగేళ్ళు. ఆ రోజు నుంచి రాత్రిళ్ళు ఒకటే టెన్షన్. "ఈ గదిలో పాప ఉంది" అని కిటికీకి స్టిక్కర్ అంటిస్తే పనికొస్తుందా?

నిచ్చెనబండి:

ఫైర్ సర్వీసులో 19 ఏళ్ళు చేశాను, అందులో సగం రోజులు ఆ చుట్టు తిరిగే పని నాదే. మేం దాన్ని సైజప్ అంటాం. బయట నిలబడి చూసేవాళ్ళకి అది ఆలస్యంలా కనిపిస్తుందని తెలుసు, మీరు కేకలు వేయడంలో తప్పేం లేదు. కానీ ముందు వైపు నుంచి చూస్తే ఇంటికి ఒక ముఖమే కనిపిస్తుంది. మనిషి వెనక కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఉండొచ్చు. ఏటవాలు నేల మీద కట్టిన ఇల్లయితే ముందు నుంచి రెండంతస్తులు, వెనక నుంచి మూడు ఉంటాయి, ఆ మూడోదాన్ని చూడకుండా లోపలికి వెళితే మంట మన కాళ్ళ కిందే ఉందని కూడా తెలియదు.

మీటర్ల దగ్గర ఎందుకు ఆగాడంటే, ఒక్క ఇంటికి రెండు కరెంటు మీటర్లో రెండు గ్యాస్ మీటర్లో ఉంటే లోపల కనీసం రెండు కాపురాలు ఉండొచ్చని మొదటి అనుమానం. అది ఒక్కటే చాలదు, మోటారుకి విడిగా మీటరు పెట్టుకున్న ఇళ్ళూ ఉంటాయి. అందుకే దానికి తోడు ఇంకేం దొరుకుతాయా అని చూస్తాం: గుమ్మం దగ్గర రెండు కాలింగ్ బెల్లులు, రెండు పోస్టు డబ్బాలు, తర్వాత అతికించినట్టున్న ఇనుప మెట్లు, పక్క సందులో ఒక చిన్న తలుపు, దాని మీద లైటు, అక్కడి దాకా గడ్డి అరిగిపోయిన కాలిబాట. కాలిబాట చాలా నమ్మదగ్గది. రోజూ మనుషులు నడవకుండా అది పడదు.

కిటికీలు ఇంకా ఎక్కువ చెబుతాయి. చిన్నగా, ఎత్తులో, మసక అద్దంతో ఉంటే బాత్రూమ్, దాని పక్క కిటికీ చాలావరకు పడకగదిది. కింది అంతస్తుకీ పై అంతస్తుకీ మధ్య ఎత్తులో ఒక కిటికీ కనిపిస్తే అది మెట్ల మలుపు, అంటే లోపల మెట్లు ఎక్కడున్నాయో బయటే తెలిసిపోయింది. వంటగది కిటికీ కాస్త ఎత్తు నుంచి మొదలవుతుంది, కింద గట్టు ఉంటుంది కాబట్టి, పక్కనే ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం ఉంటుంది. అలాంటి కన్నమే పై అంతస్తులోనూ ఉందంటే పైన కూడా వంట జరుగుతోంది, వంట వేరైతే కాపురం వేరు. మీ ఆఫీసర్ వెనక్కి వెళ్ళి చూసింది ఇలాంటిదే అయ్యుంటుందని నా ఊహ.

అర్ధరాత్రి అయితే ముందు పడకగదుల సంగతే చూస్తాం. లోపలి మెట్లు పొగతో మూసుకుపోతే నిచ్చెన మీంచి నేరుగా ఆ గది కిటికీలోంచి దిగి, ముందు గది తలుపు వేసేసి, అప్పుడు వెతుకుతాం. తలుపు పడితే పొగా వేడీ రావడం తగ్గి లోపలున్న మనిషికీ మాకూ కొంచెం టైం దొరుకుతుంది. గుమ్మం దగ్గర చక్రాల కుర్చీకి ఏటవాలు దారి కట్టి ఉంటే, మెట్లు దిగలేని మనిషి కింది గదిలో ఉండొచ్చని లోపలికి వెళ్ళేవాళ్ళకి చెప్పి పంపుతాం.

స్టిక్కర్ గురించి మాత్రం ఉన్నదున్నట్టు చెప్తాను. దాన్ని నమ్ముకుని పనిచేయం. ఇల్లు మారినవాళ్ళు దాన్ని పీకి వెళ్ళరు, పిల్లలు పెద్దవాళ్ళై వేరే గదిలోకి మారతారు, భయపడిన పిల్ల మంచం కింద దూరుతుంది లేదా అమ్మ గదిలోకి పరిగెడుతుంది. దానికన్నా రాత్రి పాప గది తలుపు వేసి పడుకోబెట్టండి, పొగని పసిగట్టి మోగే అలారం ఒకటి ఆ గదిలో, ఒకటి బయట పెట్టండి.

అటకగది:

నిచ్చెనబండి గారూ, మీరు చెప్పిన గుర్తులేవీ లేని ఇంట్లో నేను రెండేళ్ళు ఉన్నాను. బయటికి ఒకే మీటరు, ఒకే బెల్లు, ఒకే పోస్టు డబ్బా. చూసినవాళ్ళు ఒక కుటుంబమే అనుకునేవారు. లోపల ఓనరు చెక్కలతో గదులు కట్టి ఒక్కొక్కటీ విడిగా అద్దెకిచ్చాడు, మొత్తం తొమ్మిది మందిమి, ఒక్కో గదికీ ఒక్కో తాళం, నాది పైకప్పు కింద అటకలో. ఒక రాత్రి కింద స్విచ్ బోర్డు కాలి పొగ వచ్చింది. మంట పెద్దది కాలేదు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. పై కిటికీ దగ్గర నేను టార్చి ఊపేదాకా అటకలో మనిషి ఉంటాడని కింద ఎవరూ అనుకోలేదు. ఆ మూడు నాలుగు నిమిషాలు ఇప్పటికీ కలలోకి వస్తాయి. అలాంటి ఇంటిని బయటి నుంచి కనిపెట్టే దారి ఉందా?

నిచ్చెనబండి:

మీరు టార్చి ఊపడం చాలా మంచి పని చేశారు. చాలామంది అరుస్తారు, ఇంజన్ల మోతలో అరుపు వినిపించదు, వెలుగు కనిపిస్తుంది.

అలాంటి ఇళ్ళు మాకు అన్నిటికన్నా భయం. ఓనరు దాచాలనుకున్నవి మీటర్లూ బెల్లులే, మనుషులు బతకడాన్ని దాచలేడు. ఒక్కో కిటికీకి ఒక్కో రకం పరదా, ఒకదానికి దుప్పటి, ఒకదానికి అట్ట. ఒక కుటుంబానికి మరీ ఎక్కువ అనిపించేన్ని సైకిళ్ళు, చెప్పులు, చెత్త డబ్బాలు. అటక కిటికీకి ఫ్యానో ఏసీనో బిగించి ఉంటే అక్కడ ఎవరో పడుకుంటున్నట్టే, సామాన్లకి ఎవరూ చల్లగాలి పెట్టరు. నేలమాళిగ చిన్న కిటికీకి పరదా ఉన్నా అంతే. ఇందులో ఏ రెండు కనిపించినా, లోపల ప్రతి తలుపు వెనకా ఒక ఇల్లుందనుకుని వెతకమని చెప్పేవాణ్ణి.

మసకవెన్నెల:

నాదో చిన్న అనుమానం. కారు లేదు, లైట్లు లేవు, గడ్డి పెరిగిపోయింది, పోస్టు డబ్బా నిండిపోయింది అనుకోండి. అప్పుడు ఎవరూ లేరని మీ వాళ్ళని లోపలికి పంపకుండా ఆపేయొచ్చు కదా? ఖాళీ కొంప కోసం ప్రాణాలు ఎందుకు పోగొట్టుకోవాలి?

నిచ్చెనబండి:

దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. కారు లేదంటే ఆయన పనికి వెళ్ళి ఉండొచ్చు, ఆవిడా పిల్లలూ లోపలే ఉండొచ్చు. కారు ఉంటే ఉన్నారనీ కాదు. తాళం వేసిన పాడుబడ్డ భవనంలో వెనక ఒక చెక్క ఊడదీసి ఉంటే, దాని చుట్టూ తాజా అడుగులుంటే, పక్కన పరుపు ముక్కో నీళ్ళ సీసాలో ఉంటే, ఇల్లు లేనివాళ్ళు అక్కడ తల దాచుకుంటున్నారని అర్థం.

కానీ మీ ప్రశ్న వెనక ఉన్న బాధ నిజమైనదే. 1999 డిసెంబరు 3న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్‌లో మూతపడిన ఒక కోల్డ్ స్టోరేజీ భవనం అంటుకుంది. లోపల ఉంటున్న ఇద్దరి దగ్గర కొవ్వొత్తి పడి మొదలైంది, వాళ్ళు ఎవరికీ చెప్పకుండా అప్పటికే వెళ్ళిపోయారు. అది తెలియక వాళ్ళ కోసం లోపలికి వెళ్ళిన ఫైర్ సిబ్బందిలో ఇద్దరు పొగలో దారి తప్పారు, వాళ్ళని వెతకబోయి ఇంకో నలుగురు తిరిగి రాలేదు. దాదాపు కిటికీలే లేని భవనం అది. కిటికీ లేని గోడ కూడా ఒక గుర్తే, లోపల పొగకీ మనిషికీ బయటికి దారి లేదని. ఆ తర్వాత అక్కడ ప్రమాదకరమైన ఖాళీ భవనాల మీద ఎర్ర ఇంటూ గుర్తు పెట్టడం మొదలుపెట్టారు.

నేను కుర్రాళ్ళకి చెప్పింది ఇంతే: బయటి గుర్తులు చూసి "ఉన్నారు" అని అనుకోవచ్చు, ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవచ్చు. "లేరు" అనేది వెతికాకే. ఆ వెతకడానికి మంట, కప్పు, పొగ ఒప్పుకుంటాయా లేదా అన్నది వేరే లెక్క. పొగ నల్లగా చిక్కగా ఒత్తిడితో తన్నుకొస్తున్న గదిలో మనిషి బతికి ఉండే అవకాశం ఎంతో చూసుకోవాల్సిందే, అక్కడ ఆపేయమని చెప్పిన రోజులు నాకూ ఉన్నాయి.

వేసవిగాలి:

ఇన్ని చూస్తారని ఊహించలేదండి, ఆ రోజు అరిచినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. స్టిక్కర్ ఆలోచన మానేశాను, అలారాలు రెండు తెచ్చాను. ఇంకొక్కటే అడుగుతాను, మళ్ళీ ఎప్పుడైనా అలా జరిగితే బయటున్న మాలాంటివాళ్ళం మీ ఆఫీసర్‌కి ఏం చెప్పాలి? మా పాప గది కిటికీకి గ్రిల్ కూడా ఉంది, అదేమన్నా ఇబ్బందా?

నిచ్చెనబండి:

సిగ్గెందుకండి. ఈసారి అరిచే బదులు ఒక్కరే ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి మూడు సంగతులు చెప్పండి: ఎంతమంది, ఏ గది, ఆఖరిసారి ఎప్పుడు చూశారు. "లోపల ఉన్నారు" కన్నా "పైన వెనక గదిలో ఒక పెద్దావిడ, పది నిమిషాల క్రితం కిటికీ దగ్గర చూశాను" అన్న మాట మాకు సగం వెతుకులాట తగ్గిస్తుంది. ఖచ్చితంగా తెలియకపోతే తెలియదనే చెప్పండి.

గ్రిల్ మాత్రం ఇబ్బందే. మేం కోయగలం, కానీ పొగలో ఆ నిమిషాలు చాలా పెద్దవి. తాళం చెవి అవసరం లేకుండా లోపలి నుంచి గొళ్ళెం తీస్తే తెరుచుకునే గ్రిల్ పెట్టించండి. పెట్టించాక ఒక రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, తడుముకుంటూ వెళ్ళి మీరే తీసి చూడండి.